దిగులు జబ్బుకు కరెంటు చికిత్స

హైదరాబాదు చుట్టుపక్కల ఊళ్లలో ఒక మాట తరచుగా వింటుంటాం. ఎవరైనా కొంచెం తిక్కగా మాట్లాడితే చాలు, "నిన్ను ఎర్రగడ్డకు పంపాలె" అంటారు. అని నవ్వుతారు. గుండ్లపోచంపల్లిలోనూ అంటారు. మేడ్చల్‌లోనూ అంటారు.

ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. అందుకే ఆ మాట పుట్టింది. ఆ మాట వెనకే ఇంకో మాట వస్తుంది. "ఆడ కరెంటు షాకులు ఇస్తరట" అని. ఈ రెండో మాటకు ఎవరూ నవ్వరు. భయపడతారు.

ఈ భయం వల్ల ఏమవుతోంది? మనసు జబ్బు వచ్చిన మనిషిని ఇంట్లోనే దాచిపెడుతున్నారు. తిండి మానేసి మంచం పట్టినా ఆసుపత్రికి తీసుకుపోవడం లేదు. ఆలస్యమైతే ప్రాణాలే పోవచ్చు.

కరెంటు చికిత్స అంటే ఏమిటి? ఎవరికి చేస్తారు? ఎలా చేస్తారు? నొప్పి ఉంటుందా? మతి పోతుందా? మనం ఒప్పుకోకుండా చేయవచ్చా? ఈ సంగతులు తెలుసుకుందాం. తెలుసుకుంటే ఉత్త భయం పోతుంది. డాక్టరును ఏమేం అడగాలో కూడా తెలుస్తుంది.

దిగులు, దిగులు జబ్బు

బతుకులో కష్టాలు వస్తాయి. పంట పోతుంది. కంపెనీలో పని పోతుంది. అయినవాళ్లు చనిపోతారు. అప్పుడు ఏడుపు వస్తుంది. అన్నం సయించదు. ఇది దిగులు. ఇది అందరికీ వచ్చేదే. నలుగురు తోడుంటే, నాలుగు రోజులు గడిస్తే మనసు మెల్లగా కుదుటపడుతుంది.

దిగులు జబ్బు వచ్చినవాళ్ల మనసు అలా కుదుటపడదు. ఈ జబ్బును డాక్టర్లు డిప్రెషన్ అంటారు. పుస్తకాల్లో కుంగుబాటు అని రాస్తారు. రెండు వారాలు దాటినా దిగులు పోదు. దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు అలాగే ఉంటుంది. ఇష్టమైన పని మీద కూడా ఇష్టం పోతుంది. నిద్ర సరిగా పట్టదు. ఇంకా చీకటి ఉండగానే మెలకువ వస్తుంది. ఆకలి ఉండదు. ఒంట్లో సత్తువ ఉండదు. "నేను ఎందుకూ పనికిరాను" అనిపిస్తుంది. చచ్చిపోవాలని కూడా అనిపించవచ్చు.

ఈ జబ్బు మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. కాన్పు అయిన తర్వాత కొందరు తల్లులకు వస్తుంది. ఇది సోమరితనం కాదు. గాలి సోకడం కాదు. ఎవరో చేసిన చేతబడి కాదు. బీపీ, షుగరు లాగే ఇది కూడా ఒక జబ్బు.

ఎక్కువమందికి మాత్రలతో నయమవుతుంది. ఓపికగా మాట్లాడి చేసే చికిత్స కూడా ఉంది. దాన్ని కౌన్సెలింగ్ అంటారు. అయితే మాత్రలు వెంటనే పనిచేయవు. గుణం కనిపించడానికి రెండు వారాల నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. జబ్బు మరీ ముదిరితే అన్నాళ్లు ఆగడానికి వీలుండదు. అలాంటప్పుడే కరెంటు చికిత్స అక్కరకు వస్తుంది. ఆసుపత్రిలో దీన్ని ఇ.సి.టి. అంటారు.

ఎవరికి చేస్తారు?

దిగులుగా ఉన్న ప్రతివారికీ ఇ.సి.టి. చేయరు. డాక్టర్లు ముఖ్యంగా ఇలాంటివారికి చేయమంటారు.

1. అన్నం, నీళ్లు మానేసి ప్రాణం మీదికి వచ్చినవారికి.

2. చచ్చిపోవాలన్న ఆలోచన బలంగా ఉండి, క్షణం కూడా ఒంటరిగా వదలడానికి వీలులేనివారికి.

3. లేనిది ఉన్నట్టు నమ్మేవారికి. "నేను పాపం చేసిన, నా పేగులు కుళ్లిపోయినయి" అని కొందరు గట్టిగా నమ్ముతారు. ఎవరు చెప్పినా వినరు.

4. పలకకుండా, కదలకుండా బొమ్మలాగా ఉండిపోయినవారికి.

5. రెండు మూడు రకాల మందులు సరిగా వాడినా గుణం కనిపించనివారికి.

6. ఇంతకు ముందు ఇ.సి.టి.తోనే బాగుపడినవారికి.

గర్భిణికి, బాలింతకు, ముసలివారికి కూడా అవసరమైతే చేస్తారు. వారి విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త తీసుకుంటారు.

ఒక ఇంటి సంగతి

ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకుందాం. గుండ్లపోచంపల్లిలో బట్టలు కుట్టే కంపెనీలో పనిచేసే ఒక అమ్మాయి. మొదటి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మూడు వారాలు బాగానే ఉంది. తర్వాత నిద్ర పోయింది. మాట తగ్గింది. నెలన్నర నాటికి పిల్ల ఏడ్చినా చూడటం లేదు. అన్నం ముద్ద నోట్లో పెడితే మింగడం లేదు. "నేనుంటే పిల్లకు కీడు" అని ఒకటే మాట.

బాలింతకు గాలి సోకిందని కొందరన్నారు. తాయెత్తు కట్టించారు. గుణం రాలేదు. ఆశా కార్యకర్త వచ్చి చూసింది. "పెద్దమ్మా, ఇది జబ్బు. నాలుగు రోజులసంది నీళ్లు కూడ సరిగ తాగుతలేదు. ఇంక ఆగొద్దు" అన్నది. ఆమే దగ్గరుండి ఆసుపత్రికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ పరీక్ష చేసింది. ఇ.సి.టి. మంచిదని చెప్పింది. తల్లికి గుండె ఝల్లుమంది.

"కరెంటు పెట్టి నా బిడ్డను సంపుతరా ఏంది డాక్టరమ్మా?"

"లేదమ్మా. మీ బిడ్డ ప్రాణం నిలబెట్టడానికే చేస్తాం. ముందు మత్తు ఇస్తాం. ఆమె నిద్రపోయిన తర్వాతే చేస్తాం. ఆమెకు ఏమీ తెలియదు."

"మాత్రలతోని తగ్గదా?"

"తగ్గవచ్చు. కానీ మాత్ర పనిచేసేసరికి వారాలు పడతాయి. మీ బిడ్డ అన్నం నీళ్లు ముట్టడం లేదు. అన్ని రోజులు తట్టుకోలేదు. ఇ.సి.టి. తొందరగా పనిచేస్తుంది."

"పిచ్చిది గాదు గద?"

"కాదమ్మా. కొన్నాళ్లు కొంత మతిమరుపు ఉంటుంది. అది కూడా ముందే చెప్తున్నాను. అన్నీ విని, ఆలోచించుకుని చెప్పండి. అల్లుణ్ణి కూడా పిలవండి."

ఆ అమ్మాయి అప్పుడు ఏదీ ఆలోచించి చెప్పే స్థితిలో లేదు. అందుకని ఆమె తరఫున భర్త కాగితం చదివి, అడగవలసినవి అడిగి, సంతకం పెట్టాడు. రెండు సార్లు చేశారు. పెద్ద తేడా కనిపించలేదు. మూడోసారి చేసిన మర్నాడు తానే గ్లాసు అందుకుని నీళ్లు తాగింది. నాలుగోసారి అయిన తర్వాత "పాప ఏది?" అని అడిగింది. అప్పటి నుంచి డాక్టరమ్మ ప్రతిసారీ ఆ అమ్మాయికే అన్నీ చెప్పింది. ఆమె ఒప్పుకున్న తర్వాతే మిగతావి చేసింది.

అందరికీ ఇంత తొందరగా గుణం రాదు. కొందరికి అసలు రాకపోవచ్చు. జబ్బు బాగా ముదిరిన పదిమందికి ఇ.సి.టి. చేస్తే దాదాపు ఆరు నుంచి ఎనిమిది మందికి బాగా గుణం కనిపిస్తుంది. ముదిరిన దిగులు జబ్బుకు ఇంత బలంగా, ఇంత తొందరగా పనిచేసే చికిత్సలు చాలా తక్కువ.

ఆ గదిలో ఏం జరుగుతుంది?

ముందు ఒళ్లంతా పరీక్ష చేస్తారు. రక్తం పరీక్ష, బీపీ, గుండె పరీక్ష చేస్తారు. ఆస్తమా ఉందా, గుండె జబ్బు ఉందా, తలకు దెబ్బ తగిలిందా, ఏ మాత్రలు వాడుతున్నారు, కదిలే పళ్లు ఉన్నాయా అని అడుగుతారు. ఏదీ దాచకూడదు. ఈమధ్యనే గుండెపోటు వచ్చినవారికి, మెదడులో గడ్డ లేదా రక్తస్రావం ఉన్నవారికి ఇ.సి.టి.తో ప్రమాదం ఎక్కువ.

చికిత్స పొద్దున పూట చేస్తారు. ముందు రాత్రి తర్వాత ఏమీ తినకూడదు. నీళ్లు ఎప్పటి నుంచి తాగకూడదో నర్సు చెబుతుంది. "ఒక్క ముద్దకు ఏమైతది, పాపం ఆకలిగొన్నది" అని ఎవరూ పెట్టకూడదు. కడుపులో తిండి ఉంటే మత్తులో ఉన్నప్పుడు పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది ప్రాణానికే ప్రమాదం.

తలకు నూనె పెట్టకూడదు. కమ్మలు, ముక్కుపుడక, గాజులు తీసి ఇంటివాళ్లకు ఇవ్వాలి. కట్టుడు పళ్లు తీసేయాలి. ఒకటికి పోయి రావాలి.

తర్వాత ఈ వరుసలో చేస్తారు.

మొదట చేతి నరానికి సూది పెడతారు. దాని ద్వారా మత్తుమందు ఇస్తారు. నిమిషంలోపే నిద్ర పడుతుంది. ఆపరేషనుకు మత్తు ఇచ్చే డాక్టరే ఇక్కడా ఉంటాడు.

నిద్ర పట్టిన తర్వాత ఇంకో మందు ఇస్తారు. దీనితో ఒంట్లో కండరాలు వదులవుతాయి. ఆ కాసేపు మాస్కు పెట్టి ఊపిరి అందిస్తారు. ఆక్సిజన్ ఇస్తారు.

నాలుక, పళ్లు నలగకుండా నోట్లో మెత్తటి రబ్బరు ముక్క పెడతారు.

తర్వాత కణతల దగ్గర, లేదా తలకు ఒకే పక్కన రెండు చోట్ల, మిషను తాలూకు బిళ్లలు ఆనిస్తారు. కొన్ని సెకన్లు మాత్రమే కరెంటు ఇస్తారు.

అప్పుడు మెదడులో మూర్ఛ వస్తుంది. ఫిట్స్ అంటాం కదా, అదే. 20 సెకన్ల నుంచి ఒక నిమిషం దాకా ఉంటుంది. తర్వాత దానంతట అదే ఆగుతుంది. కండరాలు వదులుగా ఉంటాయి కాబట్టి కాళ్లు చేతులు కొట్టుకోవు. పాదాలు కొద్దిగా వణుకుతాయి, అంతే. కొన్నిచోట్ల ఒక కాలికి బీపీ చూసే పట్టీ బిగించి ఉంచుతారు. కండరాలు వదులు చేసే మందు ఆ పాదానికి చేరదు. ఆ పాదం కదలడం చూసి, మూర్ఛ ఎంతసేపు ఉందో డాక్టరు లెక్కపెడతాడు.

ఐదు పది నిమిషాల్లో మెలకువ వస్తుంది. మొదట "నేను యాడున్న?" అన్నట్టు తికమకగా ఉంటుంది. అరగంట, గంటలో తేటపడుతుంది. తలనొప్పి, ఒళ్లునొప్పులు, దవడ నొప్పి, వికారం ఉండవచ్చు. మందు వేస్తే తగ్గుతాయి. పూర్తిగా తెలివి వచ్చిన తర్వాత నర్సు చెప్పినప్పుడు టీ, టిఫిను ఇవ్వవచ్చు. బాలింత అయితే పాలు ఎప్పుడు పట్టాలో డాక్టరును అడగాలి.

వారానికి రెండు మూడు సార్లు చేస్తారు. మామూలుగా మొత్తం 6 నుంచి 12 సార్లు చేస్తారు. ఎన్నిసార్లు చేయాలో గుణాన్ని బట్టి డాక్టరు చూసుకుంటాడు.

ఇంట్లో కరెంటు, ఆసుపత్రిలో కరెంటు

ఇంట్లో తీగ తగిలితే షాకు కొడుతుంది. మనిషి చనిపోతాడు కూడా. మరి ఆసుపత్రిలో ఇచ్చే కరెంటుతో ఎందుకు చనిపోడు?

ఇంట్లో తీగను చేత్తో పట్టుకుంటే కరెంటు ఒంట్లోంచి, గుండె మీదుగా నేలలోకి పోతుంది. గుండె ఆగిపోతుంది. వదిలించుకునేదాకా కరెంటు పోతూనే ఉంటుంది. దానికి కొలత లేదు.

ఇ.సి.టి. మిషను కరెంటును కొలిచి ఇస్తుంది. ఒక ఆంపియర్ కంటే తక్కువ ఉంటుంది. చిన్న చిన్న తునకలుగా, కొన్ని సెకన్లు ఇచ్చి మిషనే ఆపేస్తుంది. ఆ కరెంటు తలలో రెండు బిళ్లల మధ్యనే పోతుంది. గుండె దాకా రాదు. ఎవరికి ఎంత కావాలో డాక్టరు ముందుగా చూసుకుంటాడు.

ప్రమాదం అసలే లేదని కాదు. మత్తు ఇచ్చే ఏ పనిలోనైనా కొంత ప్రమాదం ఉంటుంది. లక్ష సార్లు ఇ.సి.టి. చేస్తే దాదాపు రెండు మరణాలు జరుగుతాయని చాలా దేశాల లెక్కలు కలిపి 2017లో తేల్చారు. గుండె జబ్బు ఉన్నవారికే ప్రమాదం ఎక్కువ. అందుకే ముందు పరీక్షలు చేస్తారు.

ఇది ఎలా పనిచేస్తుంది?

మన మెదడులో కోట్ల కోట్ల కణాలు ఉన్నాయి. అవి ఎప్పుడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. సన్నటి కరెంటుతో, కొన్ని రసాయనాలతో మాట్లాడుకుంటాయి. దిగులు జబ్బులో ఈ మాటలు సరిగా సాగవు. కొన్ని చోట్ల మందగిస్తాయి. కొన్ని చోట్ల ఒకే చెడ్డ ఆలోచన చుట్టూ తిరుగుతాయి.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటుంది. మేలు చేసేది కరెంటు కాదు, మూర్ఛ. కరెంటు ఆ మూర్ఛను తెప్పించడానికే. అగ్గిపుల్ల పొయ్యి అంటించడానికే పనికొస్తుంది. అన్నం ఉడికించేది పొయ్యిలో మంట. ఇదీ అలాంటిదే.

మూర్ఛ వచ్చినప్పుడు మెదడు కణాలన్నీ ఒక్కసారిగా పనిచేస్తాయి. వెంటనే మెదడు తన బ్రేకు తానే వేసుకుని దాన్ని ఆపుతుంది. ఇలా కొన్నిసార్లు జరిగేసరికి ఆ బ్రేకు బలపడుతుంది. మనసును నడిపే రసాయనాల పని మారుతుంది. మెదడు కణాలకు ఎరువు లాంటి పదార్థం పెరుగుతుంది. కణాల మధ్య కొత్త కొమ్మలు, కొత్త కలయికలు వస్తాయి. నిద్ర, ఆకలి మళ్లీ దారిలో పడతాయి. వీటిలో దేని వల్ల ఎంత మేలు జరుగుతోందన్నది శాస్త్రజ్ఞులు ఇంకా పరిశోధిస్తూనే ఉన్నారు.

"మత్తులో హాయిగా పడుకోబట్టే గుణం వచ్చిందేమో" అని ఎవరికైనా అనుమానం రావచ్చు. డాక్టర్లకూ వచ్చింది. ఇంగ్లండులోని లీసెస్టర్‌షైర్‌లో పరీక్ష చేసి చూశారు. కొందరికి మత్తు మాత్రమే ఇచ్చారు. కొందరికి మత్తుతోపాటు కరెంటు కూడా ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగులకు తెలియదు. నాలుగు వారాల తర్వాత చూస్తే, కరెంటు ఇచ్చినవారికే ఎక్కువ గుణం కనిపించింది. ఈ ఫలితాన్ని 1984లో అచ్చువేశారు.

ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చింది?

జనం ఊరికే భయపడలేదు. దానికి కారణం ఉంది.

1934లో హంగేరి దేశంలో మెదూనా అనే డాక్టరు మందులతో మూర్ఛ తెప్పించి మనసు జబ్బుకు చికిత్స మొదలుపెట్టాడు. ఆ మందులతో రోగులు చాలా బాధపడేవారు. 1938లో ఇటలీ దేశంలోని రోము నగరంలో చెర్లెట్టి, బినీ అనే ఇద్దరు డాక్టర్లు మందు బదులు కరెంటుతో మూర్ఛ తెప్పించారు. అదే మొదటి ఇ.సి.టి. అప్పటికి దిగులు జబ్బుకు సరైన మాత్రలే లేవు. అందుకని ఈ చికిత్స కొద్ది ఏళ్లలోనే చాలా దేశాలకు పాకింది.

ఆ రోజుల్లో మత్తు లేకుండానే చేసేవారు. నలుగురు పట్టుకునేవారు. మూర్ఛకు ఒళ్లు ఎగిరిపడేది. ఎముకలు కూడా విరిగేవి. మాట విననివారిని బెదిరించడానికి షాకులు వాడిన ఆసుపత్రులు కూడా కొన్ని దేశాల్లో ఉండేవి. 1950ల్లో కండరాలు వదులు చేసే మందు వచ్చింది. మత్తు ఇచ్చి చేయడం మొదలైంది. అయినా చాలాచోట్ల, మన దేశంలో కూడా, పాత పద్ధతి ఏళ్ల తరబడి సాగింది. సినిమాల్లో ఆ పాత పద్ధతినే చూపించారు. విలన్ బలవంతంగా షాకు ఇప్పించడం చూశాం. ఆ బొమ్మే మన మనసులో పడిపోయింది.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఘోరం జరిగింది. మనసు జబ్బు ఉన్నవారిని ఒక పాకలో గొలుసులతో కట్టి ఉంచారు. పాక అంటుకుంది. పారిపోలేక 28 మంది చనిపోయారు. దేశమంతా కదిలింది. సుప్రీంకోర్టు ఈ సంగతి చేపట్టింది. మత్తు లేకుండా కరెంటు ఇవ్వకూడదని కూడా ఒక స్వచ్ఛంద సంస్థ ఆ కోర్టును కోరింది.

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2018 నుంచి అమలవుతోంది. ఆ చట్టంలో 95వ సెక్షను చాలా ముఖ్యం. అది ఇలా చెబుతుంది.

మత్తు, కండరాలు వదులు చేసే మందు లేకుండా ఇ.సి.టి. చేయకూడదు.

18 ఏళ్ల లోపు పిల్లలకు చేయకూడదు. తప్పనిసరి అయితే తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఒప్పుకోవాలి. చట్టం ప్రకారం ఏర్పడిన బోర్డు అనుమతి కూడా కావాలి.

మనసు జబ్బు ఉన్న మనిషిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదు.

అర్జంటు అనే పేరు చెప్పి, ఒప్పుకోలు లేకుండా ఇ.సి.టి. చేయడానికి కూడా ఈ చట్టం వీలివ్వదు.

మతిమరుపు

ఇ.సి.టి.తో వచ్చే ముఖ్యమైన ఇబ్బంది మతిమరుపు. దీన్ని దాచకుండా చెప్పుకోవాలి.

చికిత్స జరిగే రోజుల్లో కొత్త సంగతులు సరిగా గుర్తుండవు. పొద్దున ఎవరు వచ్చి పోయారో సాయంత్రానికి గుర్తు ఉండకపోవచ్చు. ఇది చాలామందికి కొద్ది వారాల్లో తగ్గిపోతుంది.

చికిత్సకు కొన్ని వారాల ముందు, కొన్ని నెలల ముందు జరిగిన సంగతులు కూడా కొన్ని మరుపున పడతాయి. వీటిలో కొన్ని తిరిగి గుర్తుకు వస్తాయి. కొన్ని ఎప్పటికీ రాకపోవచ్చు. పైన చెప్పుకున్న అమ్మాయి లాంటి తల్లికి బిడ్డ పుట్టిన తొలినాళ్లు గుర్తుకు రాకపోవచ్చు. అది ఆమెకు బాధే. ఇంటివాళ్లు ఆ రోజుల సంగతులు ఆమెకు ప్రేమగా చెప్పాలి. "ఇది కూడ యాదికి లేదా?" అని దెప్పకూడదు.

పేరు మరిచిపోవడం, వంట మరిచిపోవడం, కుట్టుపని మరిచిపోవడం, నేర్చుకున్న చదువు మరిచిపోవడం మామూలుగా జరగదు. తలకు ఒకే పక్కన కరెంటు ఇస్తే మతిమరుపు తక్కువ. ఎవరికి ఏ పద్ధతి పనికొస్తుందో డాక్టరును అడగవచ్చు.

ఇంకో జాగ్రత్త. చికిత్స జరిగే రోజుల్లో పొలం కాగితాలు, బ్యాంకు కాగితాలు, అప్పు కాగితాల మీద ఆ మనిషి చేత సంతకం పెట్టించకూడదు. వేలిముద్ర వేయించకూడదు. బండి నడపనివ్వకూడదు. పొయ్యి దగ్గర, మిషను దగ్గర ఒంటరిగా వదలకూడదు. నెమ్మదిగా తేరుకోనివ్వాలి.

సంతకం పెట్టే ముందు

ఇ.సి.టి.కి ముందు ఆసుపత్రిలో ఒక కాగితం ఇస్తారు. దాన్ని అంగీకార పత్రం అంటారు. రోగికి తెలివి, ఆలోచన ఉంటే రోగే సంతకం పెట్టాలి. ఆ స్థితిలో లేకపోతే, ఆమె తరఫున మాట్లాడటానికి చట్టం ఒప్పుకున్న మనిషి పెట్టాలి.

మనకు ఇప్పుడు చదవడం వచ్చింది. ఆ కాగితం చదవాలి. తెలుగులో కావాలని అడగాలి. అర్థం కాని మాట దగ్గర వేలు పెట్టి "దీనికి అర్థం ఏంది?" అని అడగాలి. సిగ్గుపడకూడదు. ఇంకా ఇవి అడగాలి.

ఈ చికిత్స ఎందుకు? వేరే దారి ఉందా?

మత్తు ఇచ్చే డాక్టరు ఎవరు?

ఎన్నిసార్లు చేస్తారు?

మా మనిషికి ఉన్న ఇతర జబ్బుల వల్ల ప్రమాదం ఉందా?

మధ్యలో వద్దంటే ఆపుతారా?

ఖర్చు ఎంత?

మధ్యలో వద్దని చెప్పే హక్కు రోగికి ఉంది. సంతకం పెట్టినా ఆ హక్కు పోదు.

బాగైన తర్వాత

ఇ.సి.టి. దిగులును తొందరగా దించుతుంది. కానీ జబ్బు మళ్లీ రాకుండా కాపలా కాయదు. తర్వాత ఏ మందూ వాడకపోతే, ఆరు నెలల్లో సగంమంది కంటే ఎక్కువమందికి జబ్బు తిరిగి వస్తుంది. అందుకని డాక్టరు చెప్పినన్ని నెలలు మాత్రలు వాడాలి. కొందరికి నెలకోసారి ఇ.సి.టి. చేస్తూ, మెల్లగా మానిపిస్తారు.

"మంచిగైంది గద, ఇంకెందుకు గోలీలు" అని ఇంటివాళ్లు అంటారు. అదే పెద్ద పొరపాటు. నిద్ర తగ్గడం, మాట తగ్గడం, అన్నం వదిలేయడం మళ్లీ కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

జబ్బుకు మూలమైన కష్టాలు ఇంట్లో ఉంటే వాటినీ చూడాలి. తాగి కొట్టే భర్త ఉంటే, ఆడపిల్ల పుట్టిందని సాధించే అత్తింటివారు ఉంటే, ఏ మిషనూ వాటిని బాగుచేయదు. అవి మనుషులు బాగుచేయాల్సినవి.

ఎక్కడికి పోవాలి?

ముందు ఊళ్లో ఆశా కార్యకర్తకో, నర్సమ్మకో చెప్పండి. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. వాళ్లు పెద్దాసుపత్రికి రాసిస్తారు.

గుండ్లపోచంపల్లి నుంచి కొంపల్లి, సుచిత్ర, బాలానగర్ మీదుగా ఎర్రగడ్డ పోవచ్చు. రైలులో పోయేవారు మేడ్చల్ దారిలో సికింద్రాబాదులో దిగి, మెట్రోలో అమీర్‌పేట మీదుగా ఎర్రగడ్డ చేరవచ్చు. నిజాం కాలంలో ఈ ఆసుపత్రి జాల్నాలో ఉండేది. 1953లో ఎర్రగడ్డకు వచ్చింది. సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో కూడా మానసిక వైద్యులు ఉన్నారు. విశాఖపట్నం వైపు ఉన్న బంధువులకు చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది.

ఫోనులో సలహా కావాలంటే 14416 నంబరు ఉంది. దీని పేరు టెలి మానస్. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ ఎత్తుతారు. డబ్బులు పడవు. తెలుగులో మాట్లాడవచ్చు. ఎవరైనా చచ్చిపోతానని అంటుంటే, ఉత్త మాట అని వదిలేయవద్దు. ఆ మనిషిని ఒంటరిగా ఉంచవద్దు. పురుగుమందు, తాళ్లు, మాత్రల డబ్బాలు అందకుండా దాచి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఆలోచించండి, నలుగురితో మాట్లాడండి

1. దిగులుకు, దిగులు జబ్బుకు తేడా ఏమిటి?

2. ఇ.సి.టి. చేసే రోజు పొద్దున ఎందుకు ఏమీ తినకూడదు?

3. ఇ.సి.టి. గురించి 2017 చట్టం ఏమి చెబుతుంది?

4. అంగీకార పత్రం మీద సంతకం పెట్టే ముందు మీరైతే ఏమేమి అడుగుతారు? రాయండి.

5. "నిన్ను ఎర్రగడ్డకు పంపాలె" అని ఎవరైనా నవ్వితే వారికి ఏమని చెబుతారు?